కొస దగ్గర విప్పిన బూట్లు

రెంటచింతలలో రోహిణి ఎండకు పొద్దున్నే గచ్చు కాలిపోతుంటే, కనకరత్నం వరండాలో నిలబడి కాంచన్‌జంగ ఎక్కుతోంది. ఈ కాలంలో ఎవరింట్లో చూసినా ఇదే వరస. కళ్లద్దాలు పెట్టుకుని, బూట్లు తొడుక్కుని ఇక్కడ అడుగేస్తే, అక్కడ మంచులో ఒక మరమనిషి అదే అడుగు వేస్తుంది. మోకాళ్లు అరిగిపోయిన కనకరత్నం, ఆ కొండ కొసని ఒక్కసారి చేత్తో తాకాలని వేసవంతా ఎక్కుతూనే ఉంది.

ఇవాళ మబ్బులన్నీ కాళ్ల కిందికి దిగిపోయాయి. ఒక పక్క నేపాల్, ఒక పక్క సిక్కిం. ఐదు శిఖరాలకీ ఎవరో పసుపు రాసినట్టు లేత ఎండ. ఇంకాస్త ఎక్కితే కొస అందుతుంది.

అప్పుడు సిక్కిం గైడు గొంతు తెలుగులోకి మారి చెవిలో వినపడింది. "ఇక్కడితో ఆగండమ్మా. పైన దేవుడుంటాడు. అక్కడ మేమెవరమూ కాలు పెట్టం."

కనకరత్నం కొసవైపు చాలాసేపు చూసింది. తర్వాత వంగి, బూట్లు విప్పి పక్కన పెట్టి, చేతులు జోడించింది.

వంటింట్లోంచి వచ్చిన కోడలు మాధురి నెత్తి కొట్టుకుంది. "బూట్లెందుకు విప్పారత్తయ్యా? ఇంక అక్కడ మరమనిషి కాళ్లు కదలవు."

"దేవుడి ముందు బూట్లతో నిలబడతామా, అమ్మాయ్?"

కాలే గచ్చు మీద పాదాలు చల్లగా అనిపించాయి. తల తిప్పి చూస్తే, చుట్టూ మంచులో బోలెడు మరమనుషులు, చేతులు జోడించి, ఎక్కడివక్కడే ఆగిపోయి ఉన్నాయి.

గైడు నిట్టూర్చాడు. "మీరూ తెలుగువాళ్లేనా అమ్మా?"