చెప్పలేని పదేళ్ళు

కమిటీ గది బయట బెంచీ మీద ఆమె కుదురుగా కూర్చోలేకపోతోంది. లేస్తుంది, కిటికీ దాకా వెళ్తుంది, మళ్ళీ వస్తుంది. చేతిలో పెన్ను మూత తీస్తుంది, పెడుతుంది.

ఇవాళ తేలిపోతుంది. ఉద్యోగం పర్మినెంటు అవుతుందో, సంచి సర్దుకుని ఇంటికి పోవాల్సి వస్తుందో.

ఆ యూనివర్సిటీలో నిఘా విద్య చెప్పే మేడమ్ ఆమె. పుస్తకాల్లో ఉన్నది తక్కువ, లేనిది ఎక్కువ చెప్పేది.

"మొహం చూడకండి, నడక చూడండి. చొక్కా మార్చినా నడక మారదు. వెంట వెళ్ళండి, కానీ వెంట ఉన్నట్టు తెలియనివ్వకండి. అవతలి మనిషి అడిగిందే వందసార్లు అడుగుతాడు. వందోసారీ మొదటిసారిలాగే జవాబు చెప్పాలి. మొహంలో విసుగు కనబడిందా, పని చెడినట్టే. నిద్రలో కూడా ఒక చెవి తలుపు గొళ్ళెం మీద ఉండాలి."

పిల్లలు నోళ్ళు వెళ్ళబెట్టి వినేవారు. గూఢచారి మేడమ్ అని పేరు కూడా పెట్టేశారు.

చేరేటప్పుడు ఇంటర్వ్యూలో గట్టిగా అడిగింది ఒక్కటే.

"చదువయ్యాక పదేళ్ళు ఖాళీ కనబడుతోంది. ఏం చేశారమ్మా?"

"ఆ సంగతి మాట్లాడలేనండీ," అంది తల దించుకుని.

అడిగినవాళ్ళు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. మర్నాడే చేరమన్నారు.

ఇవాళ అలా కుదరదు. రహస్య నిఘా శాఖను ఏళ్ళ తరబడి నడిపి రిటైరైన పెద్దాయన లోపల కూర్చున్నాడు. ఆ శాఖలో ఉప్పు తిన్న ప్రతి మనిషినీ ఆయన గుర్తుపడతాడట.

పక్క క్లాసు మాస్టారు అటుగా పోతూ ఆగాడు. "ఏం మేడమ్, పాత బాసుగారొచ్చారుగా. కాఫీ అయినా ఇప్పించారా?"

"ఆయనకి నేనెవరో ఏం తెలుసు లెండి."

"అబ్బో, ఆ మాట కూడా ట్రైనింగులో నేర్పిందేనా?" నవ్వుకుంటూ వెళ్ళిపోయాడు.

ఫోను మోగింది. భర్త.

"పిలిచారా?"

"ఇంకా లేదు."

"ఉన్నది ఉన్నట్టు చెప్పెయ్యి. పీడా పోతుంది."

"ఇన్నాళ్ళ తర్వాతా? రేపు క్లాసులో మొహం ఎలా చూపించను?"

తలుపు తెరుచుకుంది. రమ్మన్నారు.

"మా మేడమ్," అన్నాడు ఛైర్మన్ పెద్దాయనతో, కాస్త గర్వంగానే. "మీకు కొత్తేం కాదనుకోండి."

పెద్దాయన కళ్ళజోడు పైకి తోసుకుని ఆమెను తేరిపార చూశాడు. చాలాసేపే చూశాడు.

"ఈవిడా? నేనెప్పుడూ చూళ్ళేదే. మా దగ్గర పనిచెయ్యలేదు."

ఆమె కళ్ళు మూసుకుంది. అయిపోయింది.

ఛైర్మన్ మెల్లగా నవ్వాడు. పక్కాయనా నవ్వాడు.

"అంతేలెండి. మీరు మరోలా ఎలా అంటారు?"

"ఒట్టయ్యా. ఈవిడెవరో నిజంగా తెలీదు నాకు."

"అర్థమైంది సార్, అర్థమైంది. మీవాళ్ళని మీరు ఛస్తే ఒప్పుకోరని పిల్లలకి పాఠం చెప్పేది మేమేగా."

పెద్దాయన ఎంత కాదంటే వాళ్ళకి అంత నమ్మకం కుదిరింది. ఆయన నోరు మూసుకునేసరికి సంతకాలు కూడా అయిపోయాయి.

ఇంటికొచ్చి ఆమె అలవాటు కొద్దీ తలుపుకి సులువుగా అందనంత ఎత్తులో ఉన్న పై గొళ్ళెం మునివేళ్ళ మీద లేచి పెట్టింది. పెట్టి, ఇక అక్కర్లేదని గుర్తొచ్చి, తీసేసింది.

"చెప్పావా మరి?" అన్నాడు భర్త.

"నోరు తెరవనిస్తేగా."

పెద్దాయన చెప్పింది అక్షరాలా నిజం: ఆ పదేళ్ళూ ఆమె నిఘా వేసింది, మతి తప్పి, సందు దొరికితే చాలు తలుపు తీసుకుని వీధిన పడే మామగారి ఒక్కరి మీదే.