కార్డులో రెండు ముక్కలు

ప్యాకింగ్ లైనులో ఒకరి ఉద్యోగం ఊడుతుందని సోమవారమే చెప్పారు. ఎవరిదన్నది ఈ సాయంత్రం తేలుతుంది. ఇంగ్లండులో గ్రిమ్స్‌బీ రేవు పక్కన ఆ చేపల ఫ్యాక్టరీలో ఇవాళ ఎవరికీ టీ సయించలేదు.

పెగ్గీకి మరీను. ఇరవై ఆరేళ్ళ సర్వీసు. ఇంట్లో ఊపిరాడని జబ్బుతో మొగుడు. పింఛనుకు ఇంకా నాలుగేళ్ళు. అందరూ సిగరెట్లకి బయటికెళ్తే ఒక్కతే కూర్చుంది.

"పెగ్గీ, కాస్త సాయం చెయ్యరూ?"

యుర్గా. లిథువేనియా పిల్ల, చేరి పది రోజులైంది. చేతిలో పెద్ద కార్డు. వెళ్ళిపోయేవాళ్ళకి అందరూ తలా రెండు ముక్కలు రాసివ్వడం అక్కడి ఆనవాయితీ. మనిషికి చెప్పకముందే కార్డు తిరుగుతోంది, అదేం మర్యాదో!

"ఎవరికి?" అంది పెగ్గీ.

"ఎవరో మార్గరెట్ అట. ఆవిడ కంట పడనీయకు అన్నాడు సూపర్‌వైజర్. ఆవిడెవరో నాకు తెలిస్తేగా!"

పెగ్గీ కప్పు కింద పెట్టింది. టీ కాస్త ఒలికింది.

"సరే, ఏం రాశావో చూపించు."

చిత్తుకాగితం మీద 'యు ఆర్ గుడ్ ఇన్ యువర్ జాబ్' అని ఉంది.

"ఇన్ కాదు తల్లీ. గుడ్ ఎట్."

"ఈ బుల్లి మాటల్తో మీవాళ్ళు నా ప్రాణం తోడేస్తున్నారు! మరి పని పోయినవాళ్ళని అవుట్ ఫ్రమ్ వర్క్ అనాలా?"

"అవుట్ ఆఫ్ వర్క్."

"అక్కడ ఆఫ్ ఎందుకు?"

"ఏమోనమ్మా, పుట్టినప్పట్నుంచీ అంటున్నాం. అది మాత్రం కార్డులో రాయకు. బాధపడుతుంది."

యుర్గా నాలిక కరుచుకుంది. "మరేం రాయను?"

పెగ్గీ చిత్తుకాగితం తిరగేసి యుర్గా ముందు పెట్టింది. "మంచు పడ్డా, జ్వరమొచ్చినా పని మానలేదని రాయి. కొత్తవాళ్ళకి ఓపిగ్గా పని నేర్పిందని రాయి."

"నాకు నేర్పింది మీరు కదా, ఆవిడ కాదుగా?"

"ఫర్వాలేదు, రాసెయ్. సంతోషిస్తుంది."

యుర్గా అక్షరం అక్షరం కూడబలుక్కుంటూ రాసింది. పెగ్గీ ఒక్కో బుల్లి మాటా సరిచూసింది.

"ఆవిడ మీకు బాగా తెలుసా?"

"చిన్నప్పట్నుంచీ."

"అయితే మీరూ రెండు ముక్కలు రాయండి."

"నేను రాయాల్సింది నువ్వు రాసేశావుగా," అంటూ పెగ్గీ లేచి, లైను వైపు నడిచింది.

పెగ్గీ అని ముద్దుగా పిలిచింది వాళ్ళమ్మ. జీతం చీటీ మీద ఆమె పేరు మార్గరెట్.