పిల్ల తరపు చుట్టాలు

గంగాధర్ ఇంతకుముందు రెండుసార్లు చేతిదాకా వచ్చి జారిపోయాడు. ఈసారి కూడా జారిపోతే మళ్లీ ఈ చుట్టుపక్కలకు రాడని రామసుబ్బమ్మకు తెలుసు. పూనా సంబంధాలు తెచ్చే మనిషి అతను. వానలు లేని ఏడు అతనికి ఊరూరా పిలుపులే.

మొదటిసారి ఓబులేసు ఎవరికీ చెప్పకుండా ముందే పోయి రభస చేస్తే, అది విని గంగాధర్ దారిలోంచే వెనక్కి తిరిగాడు. రెండోసారి మీరు మాట్లాడండంటే మీరు మాట్లాడండని అందరూ ఒకరి మొహం ఒకరు చూసుకునేలోపు గంగాధర్ బండి హైవే ఎక్కేసింది. ఆ తర్వాత నెల్లాళ్లు ఒకరితో ఒకరికి సరిగ్గా మాటల్లేవు. ఉన్నవన్నీ ఎత్తిపొడుపులే.

చివరికి రామసుబ్బమ్మే అందరినీ కూర్చోబెట్టింది. కార్యం ఎవరి వైపు జరగాలన్న దాని మీదే ఒక పూట గడిచింది. తిప్పయ్య తన వైపు అన్నాడు. ఓబులేసు తన వైపు అన్నాడు. ఎవరి వైపూ కాకుండా ఆమె బత్తలపల్లెలో ఒక ఇల్లు బాడుగకు తీసుకుంది. మాట్లాడేది తానొక్కతేనని, మిగతావాళ్లు తలలూపితే చాలని తేల్చి చెప్పింది.

గంగాధర్ పదిన్నరకు వచ్చాడు. తెల్లచొక్కా, నవ్వుమొహం. బండి తనే నడుపుకుంటూ వచ్చి ఎండలో ఆపాడు. రామసుబ్బమ్మ ఎదురెళ్లి చెంబుతో నీళ్లిచ్చింది. పిల్ల తల్లిని తానేనంది. పంచె సర్దుకుంటున్న ఓబులేసును పిల్ల నాయన అని, గోడకు ఆనుకున్న తిప్పయ్యను మేనమామ అని చూపించింది. వంటింట్లో ఓళిగలు కాలుస్తున్న హనుమక్క తన చెల్లెలంది. చాప మీద రెండు జడలతో తలొంచుకుని కూర్చుంది సుష్మ. గంగాధర్‌కు చెప్పిన వయసు పదహారు.

రామసుబ్బమ్మ భయం గంగాధర్‌ను చూసి కాదు, వెనక కూర్చున్న తనవాళ్లను చూసి. ఎదుటివాడు ఏం చేస్తాడో కొంత ఊహించవచ్చు. మనవాళ్లు ఎప్పుడు నోరు జారతారో ఊహించలేం.

గంగాధర్ పిల్లను చూసి తలూపాడు. పెళ్లికొడుకు రాలేడని, పెళ్లి అక్కడే జరుగుతుందని, ఈరోజే తనతో పంపేయాలని చెప్పాడు. ఓబులేసు తలూపాడు. తిప్పయ్య తలూపాడు.

“వయసు చాలదని ఎవరన్నా అడిగితే?” అంది రామసుబ్బమ్మ.

“ఆ దిగులు మీకొద్దక్కా. పంతొమ్మిదని ఆధార్ నేనే చేయించినా.”

“నాకు చెవులు మందమప్పా. కొంచెం గట్టిగా చెప్పు.”

గంగాధర్ ఒక్కో మాటా విడదీసి, పక్కింటికి కూడా వినపడేలా చెప్పాడు. కాగితం తీసి ఓబులేసు చేతిలో పెట్టాడు. ఓబులేసు దాన్ని ముందూ వెనకా తిప్పి చూసి, అలవాటు కొద్దీ అనేశాడు. “ఇంకో కాపీ ఇయ్యప్పా.”

గంగాధర్ నవ్వు ఆగిపోయింది. “ఇంకోటి ఎందుకన్నా?”

తిప్పయ్య ఇంటికప్పులో దూలాలు లెక్కపెట్టసాగాడు.

“దేవుని పటం కింద పెట్టేదానికి,” అంది రామసుబ్బమ్మ. “పెండ్లి కాగితం ఏదొచ్చినా ఒకటి దేవునికి, ఒకటి పెట్టెకు. ఈయప్పకు ఆచారాలు ఎక్కువ, సంపాదన తక్కువ.”

గంగాధర్ పకపకా నవ్వి ఇంకోటి తీసిచ్చాడు. తొందరగా తెమలాలన్నాడు. బండిలో ఇంకా ఇద్దరు పిల్లలున్నారట. వాళ్లవీ పూనా సంబంధాలేనట.

రామసుబ్బమ్మ తాంబూలం పళ్లెం తన వైపు లాక్కుంది.

“తాంబూలం దినం మన గడప ముందరికొచ్చిన ఆడపిల్లలు ఎండలో ఆకలితో కూచుంటే మా బిడ్డకు మంచిదా? వాళ్లు లోపలికొచ్చి ఓళిగ తింటేనే మా పిల్ల గడప దాటేది. కాదంటే ఈ సంబంధం మాకొద్దులేప్పా.”

ఓబులేసు ఆమె వైపు కంగారుగా చూశాడు. అంత దూరం లాగుతుందని ఎవరూ అనుకోలేదు. ఆమె కూడా అనుకోలేదు. గంగాధర్ వాచీ చూసుకున్నాడు. గేటు వైపు చూశాడు. సుష్మ వైపు చూశాడు. లేచి వెళ్లి, ఎవరికీ వినపడని మాటేదో చెప్పి, ఇద్దరినీ లోపలికి తోలుకొచ్చాడు.

పెద్దదానికి పద్నాలుగుంటాయేమో. చిన్నది ఒంటి చెప్పుతో ఉంది. హనుమక్క చెరో చెయ్యీ పట్టుకుని, ఎవరు ఎక్కువ ఓళిగలు తింటారో చూస్తానంటూ వంటింట్లోకి తీసుకెళ్లి తలుపు వేసింది. కాసేపటికి లోపలి నుంచి సన్నగా నవ్వు వినిపించింది. ఓబులేసు కండువాతో కళ్లొత్తుకున్నాడు. అలా చేయమని అతనికి ఎవరూ చెప్పలేదు.

తాంబూలాలు మారాయి. గంగాధర్ తీరిగ్గా ఆకు నమిలాడు.

“ఇంక పిల్లను లేపండి. ఎన్నో ఇండ్లు చూసినా గానీ, ఇంతమంది చుట్టాలు ఒక్కమాట మీద ఉండేది యాడా చూడలేదక్కా.”

“మాకూ ఇదే మొదటిసారిలేప్పా.”

పెళ్లికూతురు తలెత్తి, లేచి, గంగాధర్ మణికట్టు గట్టిగా పట్టుకుని తనవాళ్లను పరిచయం చేసింది: “మా నాయన రైల్వే పోలీసు, మామ కార్మిక శాఖ, చిన్నమ్మ పిల్లల హెల్ప్‌లైన్, అమ్మ శిశు సంక్షేమ శాఖ, నేను ఇరవై ఆరేండ్ల ఎస్సైని.”