కంచరగాడిద డాలర్

ఓపల్ గారి వెండి డాలర్ కాజేయడానికి డెల్మర్‌కి ఏడాది పట్టింది. అందులో పదకొండు నెలలు నకిలీది తయారు చేయడానికే పోయాయి.

నూట ఇరవై ఏళ్ల కిందట ఆ కొలరాడో గనుల ఊళ్లో ఒక టోపీల కొట్టువాడు ప్రచారానికి సొంతంగా వేయించిన బిళ్ళ అది. ఒకవైపు కొట్టు పేరు, రెండోవైపు కంచరగాడిద. చుట్టుపక్కల దుకాణాల బిళ్ళలన్నీ డెల్మర్ ఆల్బంలో ఉన్నాయి. ఈ ఒక్క గడే ఇరవై ఏళ్లుగా ఊడిన ముందుపన్నులా బోసిగా ఉంది. కట్టుడుపళ్లు చేసి బతికేవాడికి అది మరీ అవమానం.

ఫోటో చూసి ఉక్కు అచ్చు చెక్కాడు. అమ్మమ్మ ఇచ్చిన వెండి చెంచాలు కరిగించాడు.

సేకర్తల క్లబ్బు ప్రతి గురువారం చర్చి కింది గదిలో కూడుతుంది. బిళ్ళని అంచులు పట్టుకుని చూసి ఎడంపక్క వాళ్లకివ్వడం అక్కడి ఆనవాయితీ. ఆ వారం ఓపల్ గారి డాలర్ డెల్మర్ చేతికి రాగానే, కుడిపక్కాయన యాపిల్ పై ముక్కకోసం లేచాడు. డెల్మర్ చేతినుంచి ఎడంపక్కకి అమ్మమ్మ చెంచా వెళ్లింది.

సమావేశం అయ్యాక ఓపల్ గారు కాఫీ కప్పుతో దగ్గరకొచ్చింది.

"వచ్చేవారం లిండ్‌క్విస్ట్ గారొస్తున్నారు డెల్మరూ. ఈ బిళ్ళల మీద పుస్తకం రాసినాయన. నా డాలరు చూపిద్దామనుకుంటున్నా."

"పెద్దాయన్ని శ్రమపెట్టడం ఎందుకండీ?"

"శ్రమేముంది? చూడ్డానికేగా వస్తోంది. ఏం, వద్దంటావా?"

"నాకేంటండీ, మీ ఇష్టం."

నకిలీదని తేలితే అనుమానం తనమీదికే వస్తుంది. క్లబ్బులోంచి గెంటేస్తారు. ఊళ్లో ఎవరి నోట్లోనూ చెయ్యి పెట్టనివ్వరు. మళ్లీ మార్చేద్దామని, కొట్టేసిన డాలర్ని జేబులో వేసుకుని గురువారం పరిగెత్తాడు. అప్పటికే బిళ్ళ లిండ్‌క్విస్ట్ భూతద్దం కింద ఉంది.

"ఇది నా పుస్తకంలో ఉన్నది కాదు" అన్నాడాయన.

డెల్మర్ తలుపు ఎంత దూరముందో చూసుకున్నాడు.

"గాడిద తోక చూడండి. రెండు పాయలుగా ఉంది. వేరే అచ్చు. ఈ రకం నేనింతవరకు చూళ్లేదు. లోకంలో ఇదొక్కటే ఉందేమో."

సేకర్తల పిచ్చి అంతే, తప్పుపడ్డ బిళ్ళకే విలువెక్కువ. ఆ తోక దగ్గర చెయ్యెందుకు జారిందో డెల్మర్‌కి తెలుసు. అది చెక్కుతున్న సాయంత్రం రేడియోలో అతని జట్టు ఓడిపోయింది.

అందరూ చప్పట్లు కొట్టారు. అది చేసింది నేనేనని అరవాలనిపించింది. అరిస్తే దొంగ, అరవకపోతే సన్నాసి. సన్నాసిగా ఉండటమే నయమని అందరికన్నా గట్టిగా చప్పట్లు కొట్టాడు. పోనీలే, అసలుదైతే నా దగ్గరుంది కదా అని జేబు తడుముకున్నాడు.

ఓపల్ గారు అతని పళ్లెంలో ఇంకో పై ముక్క పెట్టి, చెవి దగ్గరికి వంగింది.

"జేబులోది పారేయకు నాయనా. మా ఆయన క్లైడ్ అసలుది అమ్మేసుకుని, నాకు తెలీకుండా గ్యారేజీలో చేసిపెట్టిన దొంగ డాలరది. పాపం, ఆయనకి నీ అంత పనితనం ఎక్కడిది?"