అడుగున ఉన్న పెట్టె

"బల్ల మీదుండేది నాకొద్దప్పా. ఆ దొంతిలో అడుగునుండే పెట్టె తియ్యి" అంది ఈరక్క.

కల్లూరులోని ఆ లాప్‌టాప్‌ల కొట్లో యజమాని వేణుగోపాల్ బిల్లు రాయబోతూ ఆగిపోయాడు. బల్ల మీద తెరిచి ఉన్న లాప్‌టాప్ ముందు కూర్చున్న ఉదయశ్రీ బిత్తరపోయి తల్లి వైపు చూసింది. గంట నుంచి ఆమె తన కాలేజీ డిజైన్లన్నీ దాని మీద ఒక్కొక్కటే తెరిచి చూసుకుంటోంది. ఎంత పెద్ద బొమ్మైనా చిటికెలో తెరుచుకుంటోంది. అరవై వేలు పలికేదాన్ని, మూణ్ణెల్లుగా నలుగురూ ముట్టుకుని చూసింది కాబట్టి నలభైకే ఇస్తానని వేణుగోపాల్ తనంతట తానే అన్నాడు. చిక్కల్లా ఆ మాటతోనే వచ్చింది.

ఉదయశ్రీ కర్నూల్లో గ్రాఫిక్ డిజైన్ రెండో ఏడు చదువుతోంది. సోమవారం నుంచి ఎవరి లాప్‌టాప్ మీద వాళ్లే పని చేసుకోవాలని, లేనివాళ్లకు ఈసారి మార్కులు వేసేది లేదని కాలేజీలో తేల్చి చెప్పేశారు. ఈరక్క కొంగున ఉన్నది నలభై వేలు. పత్తికొండలో ఈ పంట టమోటాలన్నీ అమ్మితే మిగిలింది అంతే. ఇది ఖర్చైతే ఇంకో పంట చేతికొచ్చేదాకా ఇంకో రూపాయి లేదు.

"అమ్మా, ఇదే శానా బాగుండాది. నా పనికి గ్రాఫిక్స్ కార్డు ఉండాల. దీంట్లో ఉండాది" అంది ఉదయశ్రీ.

"నీకేం తెలుసు పాపా. అరవై వేలది నలభైకి ఇస్తానంటాండాడంటే దాని కడుపులో ఏమో రోగం ఉండాది."

ఈరక్క అనుమానం ఊరకే పుట్టింది కాదు. పగిలిన కాయలు, పచ్చివి గంప అడుగున పోసి, పైన నిగనిగలాడే ఎర్రటివి పేర్చేవి ఆమె చేతులే. తూకం దగ్గర సంత వ్యాపారులు దెబ్బ కొడతారు, గంప దగ్గర ఈమె కొడుతుంది. అమ్మబోతే అడవి, కొనబోతే కొరివి. అట్లాంటి సంతలో ముప్పై ఏళ్లు నలిగిన మనిషికి, ఎదురుగా పెట్టి తీసుకో తీసుకో అనే వస్తువు మీద నమ్మకం ఎక్కడినుంచి వస్తుంది?

వేణుగోపాల్ ఓపిక మెచ్చుకోదగ్గదే. అడుగున ఉన్నది పాత రకమని, సినిమాలు చూసుకోవడానికి, చిన్నాచితకా టైపింగుకు తప్ప బొమ్మలు గీయడానికి పనికి రాదని విడమరిచి చెప్పాడు. కంపెనీ సీలుతో ఉంది కాబట్టి దాని వెల కూడా నలభై వేలేనని, అదే వెలకు వచ్చే మంచిదాన్ని వదులుకోవద్దని చెప్పాడు. అతను చెప్పేకొద్దీ ఈరక్క మొహం బిగుసుకుపోయింది. చివరికి బల్ల మీదదానికి ఇంకో రెండు వేలు తగ్గిస్తానన్నాడు. అంతే, ఆమెలో మిగిలిన కాస్త ఊగిసలాటా పోయింది.

"చూస్తివా పాపా. అంగడాయన అడగకనే తగ్గిస్తాండాడు. దాన్ని ఎవురికో ఒగరికి అంటగట్టాలని చూస్తాండాడు."

"నీకు దండం పెడతానమ్మా. గంట సేపు పని చేసి చూసినా కదా. ఆ పెట్టెలోది నాకు అక్కరకు రాదు."

"సీలుండేది సీలుండేదే. దుడ్లు ఇచ్చేది నేను."

ఉదయశ్రీ కళ్లలో నీళ్లు తిరిగాయి. తల్లి ఎండలో కాయలు కోసి తెచ్చిన డబ్బు మీద తనకు హక్కెక్కడిదని, బల్ల మీది లాప్‌టాప్‌ను మూసేసింది. చదువుకున్న బిడ్డ మాట కన్నా సంత నేర్పిన భయమే గెలిచింది. ఏం చేస్తాం, జీవితమంతా మోసపోయినవాళ్లకు నిజం కూడా మోసంలాగే వినిపిస్తుంది.

ఈరక్క పట్టుబట్టి పై పెట్టెలన్నీ దింపించింది. అన్నిటికన్నా అడుగున, గోడకు ఆనుకుని ఉన్నదాన్ని తన చేతులతోనే బయటికి లాగింది. సీలు చుట్టూ వేలితో తడిమి చూసుకుంది. సీలు తీస్తే వాపసు లేదని వేణుగోపాల్ బిల్లు మీద రాసి, ఆ మాట రెండుసార్లు చదివి వినిపించాడు. ఆమె డబ్బిచ్చి, పందెం గెలిచినదానిలా మెట్లు దిగింది. వెనకాలే ఉదయశ్రీ కళ్లు తుడుచుకోవడానికి కూడా లేకుండా రెండు చేతులతో పెట్టె మోసుకుంటూ షేర్ ఆటో ఎక్కింది.

వేణుగోపాల్ భార్య శ్రీవిద్య ఆ వారమే కొట్లో కూర్చోవడం మొదలుపెట్టింది. ఇదంతా చూస్తూ ఉన్న ఆమెకు ఆటో కదిలాక మనసాగలేదు.

"పాపం, ఆ పిల్ల ఏడుస్తా పాయె. అయినా మీరేమి, అంత మంచిదాన్ని అంతగా బతిమాలి ఇస్తాంటిరి? ఆయమ్మ సరేనని తీసుకొని పోయింటే మనకు ఇరవై రెండు వేలు నష్టం కదా?"

వేణుగోపాల్ లోపలి గదిలోంచి అదే రకం పాత పెట్టెను ఇంకొకటి తెచ్చాడు. ఖాళీ అయిన అడుగు చోట్లో దాన్ని గోడకు ఆనించి తోసి, మిగతా పెట్టెలన్నీ దాని మీద పేర్చాడు.

"తీసుకోరు లే. ఈ నెలలో ఇట్ల అడుగుదే కావాలని కొనుక్కపోయినోళ్లు ఈయమ్మతో తొమ్మిదిమంది. బల్ల మీదుండే మంచిదాన్ని అమ్మేదానికి పెట్టలేదు నేను, అడుగునుండే చెత్తను అమ్మేదానికి పెట్టినా."