నలభై ఒకటో కడియం

"ఇదెక్కడిదో, ముందే కడియమున్న పిట్ట!" అంటూ హిరాబయాషి గుడ్డసంచిలోంచి చెయ్యి బయటికి తీశాడు. వేళ్ల మధ్య పసుపు పొట్ట ఆవోజి పిట్ట బితుకుబితుకుమంటోంది. "రాసుకోండి చిసాతోగారూ. మూడు, ఏడు, సున్నా, నాలుగు, ఒకటి."

ఆకులు రాలే కాలమంతా ఆ దీవిలో ఇదే పని. వలలో పడ్డ వలసపిట్ట కాలికి అంకె చెక్కిన కడియం తొడగడం, తూచి వదలడం. ఒకరు అంకె చదువుతారు. రాసేవాళ్లు దాన్ని తిరిగి చెప్పాలి. ఏడేళ్లుగా రాసేది చిసాతో. అంతకు ముందు ఆమె భర్త యోషిరో; కడియాలు తొడిగేదీ అతనే.

ఇవాళ ఆమె తిరిగి చెప్పలేదు.

"మరోసారి చదవండి."

చదివాడు. అవే అంకెలు. ఆమె పాత పుస్తకం తీసి, యోషిరో రాసిన చివరి పుట అతని ముందు పెట్టింది. ఆఖరి అంకె 37040.

హిరాబయాషి ఆ అంకె మీద వేలు పెట్టాడు. "తీగకు గుచ్చిన వంద కడియాల్లో నలభై అయ్యాయి. మిగతా అరవై తీగతో సహా చొక్కా జేబులో వేసుకున్నాడు. నేనే చూశాను. ఆ మర్నాడే కదా, అతని పడవ ఖాళీగా తేలింది..."

"పాత పిట్టేమో. ఆ రోజే వేసి, రాయడం మరిచాడేమో," అంది చిసాతో.

అతను పిట్ట తల మీది ఈకలు తడిచేసి, పాయ తీసి చూశాడు. "పుర్రె ఇంకా ముదరలేదు. ఈ ఏడు పుట్టిన పిల్ల ఇది. ఈ కడియం ఈ వేసవిలో వేసింది. ఎవరు వేశారో కూడా చెప్పగలను. గోటితో తడమండి, అతుకు తెలుస్తుందేమో. ఇంత నున్నగా నొక్కే చెయ్యి ఒక్కటే."

చిసాతో తడమలేదు.

గుమ్మంలో పర్సిమన్ పళ్లు ఒలుస్తున్న అత్తగారు తోమె చేతిలోంచి కత్తి జారింది. "నా కొడుకు బతికే ఉన్నాడు! నేను చెప్పలా? మొగుడు పోయాడని కోర్టులో కాగితం పెట్టావే! శుక్రవారం ఎప్పుడొస్తుందా అని వేళ్లు మడుస్తున్నావే!"

ఏడేళ్లు జాడ లేని మనిషిని కోర్టు చనిపోయినట్టు తేలుస్తుంది. బతికున్నాడని ఎవరూ చెప్పకుండా శుక్రవారం దాటితే చాలు, చిసాతో నీగాతా పట్నంలో చెల్లెలి దగ్గరికి వెళ్లిపోతుంది. పెట్టె కూడా సర్దుకుంది.

"ఒక్క కడియం చూసి అంత మాట అనకండి అత్తయ్యా."

"ఉత్తరాన సఖాలిన్‌లో ఏ ఒడ్డున పడ్డాడో," అన్నాడు హిరాబయాషి. "తన పేరు మరిచినా చెయ్యి మాత్రం పని మరవలేదు." రెండో సంచి విప్పాడు. "మూడు, ఏడు, సున్నా, నాలుగు, రెండు."

మూడో సంచి. నాలుగు, మూడు.

"తీగ మీది వరసే. ఒక్కటీ తప్పలేదు."

గోడ కొక్కేలకు ఇంకా పదిహేడు సంచులు వేలాడుతున్నాయి. గాలి లేదు. అన్నీ కదులుతున్నాయి.

"దీని కడియంలో మట్టి ఇరుక్కుంది," అన్నాడతను, పుల్లతో గోకి కాగితంలో మడుస్తూ. "నల్లగా, ఇంకా తడిగా ఉంది. ఎక్కడి మట్టో పరీక్ష చేయిస్తే తేలిపోతుంది. పోలీసులకు ఇప్పుడే ఫోన్ చేస్తాను. మళ్లీ మొదటి నుంచీ వెదకమందాం."

"ఇప్పుడే వద్దు," అంది చిసాతో. కలం కింద పడింది. తీయడానికి వంగలేక బల్ల పట్టుకుంది.

"చూశావా నాయనా, సంతోషం పట్టలేక ఎలా వణికిపోతోందో!" ముసలమ్మ మెత్తబడి, కోడల్ని దగ్గరికి తీసుకుంది. "ఏడవకే పిచ్చిదానా. ఇంత దూరం కబురంపాడంటే, వాడూ వచ్చేస్తాడు."

ఏడేళ్ల కిందట, ఆ కడియాల తీగ జేబులో ఉండగానే చిసాతో యోషిరోను పూడ్చిపెట్టింది.