ఓర్విల్ తుపాకులు

“వేలు పెట్టి చూడు. కళ్ళతో చూస్తే చాలదు,” అన్నాడు ఓర్విల్.

మార్లా రైఫిల్ బోల్టు వెనక్కి లాగి, తూటా కూర్చునే చోట చిటికెన వేలు పెట్టింది. చల్లటి ఇనుము తప్ప ఇంకేమీ తగల్లేదు.

“ఖాళీయే నాన్నా.”

“ఇందాక నేను చూశానని నమ్మకు. చెయ్యి మారితే మళ్ళీ చూడాల్సిందే. నీ కొట్లో దాణా బస్తా తూకం వెయ్యకుండా దించుకుంటావా?”

“నువ్వు తెస్తే దించుకుంటా.”

“అందుకేగా నీ కొట్టు అలా తగలడింది!”

మార్లా నవ్వింది. నవ్వడం కష్టమైంది.

పట్నంలో దాణా కొట్టు నడుపుతూ ఆమె ఎన్ని రకాల మనుషులతో బేరమాడిందో లెక్కలేదు. సొంత తండ్రితో ఇలాంటి బేరం మాత్రం ఎప్పుడూ చెయ్యలేదు. పోయిన నెల ఒక సాయంత్రం వేడి కూర గిన్నెతో వచ్చి తలుపు తోస్తే, ఎదురుగా ఓర్విల్. తుపాకీ గొట్టం ఆమె గుండెకు సూటిగా ఉంది. “ఎవత్తివి నువ్వు? నా ఇంట్లో నీకేం పని?” అన్నాడు. గిన్నె జారి పడింది. ఆ చప్పుడుకు ఉలిక్కిపడి గొట్టం దించాడు. కాసేపటికి, “గుమ్మంలో నిలబడ్డావేంటి, లోపలికి రా అమ్మాయ్,” అన్నాడు. ఆ తర్వాత ఆ మాటే ఎత్తలేదు. గుర్తులేదన్నమాట, అనుకుంది మార్లా.

ఈ వయోమింగ్ కొండల్లో ముసలివాడి దగ్గర తుపాకులు తీసుకోవడమంటే, నీ పని అయిపోయిందని మొహం మీద చెప్పడమే. నిజం చెబితే పోయేది తండ్రి పరువు. అబద్ధం చెబితే పోయేది తన మనశ్శాంతి. రెండూ తూచి, తనకు నష్టమొచ్చే వైపే ఎంచుకుంది. తండ్రి స్నేహితుడు డెల్మర్‌కు నిన్ననే ఫోన్ చేసి, తుపాకులు అతని దగ్గరే ఉంచేలా ఏర్పాటు చేసుకుంది. తర్వాత తండ్రితో, “ఎల్క్ దుప్పుల వేట మొదలయ్యేలోగా వీటిని డెల్మర్ బాబాయ్ దగ్గర శుభ్రం చేయించి, గురి సరిచేయించుకుందాం,” అంది.

కట్టే తాడు రంగు మీద కూడా వాదించే మనిషి, ఒక్కమాటకే సరే అన్నాడు. అడగ్గానే ఒప్పుకున్నవాడి సరుకును రెండోసారి చూసుకోవడం కొట్లో ఆమెకు అలవాటు. ఆ ఉదయం మాత్రం గండం గడిచిందన్న ఊరటలో మరిచిపోయింది.

“అమ్మ తుపాకీ కూడానా? పిట్టల తుపాకీతో ఎల్క్‌ని కొడతావా?”

“దానికి మాత్రం తుప్పు పట్టదా? పెట్టు.”

ఓర్విల్ లోపలి గదిలోకి వెళ్ళి గుడ్డలో చుట్టిన పిస్తోలు ఒకటి తెచ్చాడు. అలాంటిది ఇంట్లో ఉందని మార్లాకు తెలియనే తెలియదు.

“ఇదెక్కడిది నాన్నా?”

“మీ అమ్మకే చెప్పలేదు, నీకేం చెప్తాను? వేలు పెట్టి చూడు.”

పికప్ బండి వెనక సీటు కింద, నేలకు బోల్టులతో బిగించిన ఉక్కు పెట్టె ఉంది. ఒక్కో తుపాకీని తొడుగులో దూర్చి, ఒకదానికొకటి రాసుకోకుండా మధ్యలో కంబళ్ళు పెట్టి సర్దారు. మార్లా తూటాల డబ్బా కూడా అందులోనే పెట్టబోయింది.

“ఆగు. అవి బండి వెనక పనిముట్ల పెట్టెలోకి. దానికి వేరే తాళం,” అన్నాడు. రెండు తాళాలూ తనే లాగి చూసి, తాళం చెవులు ఆమె చేతిలో పెట్టాడు. “నువ్వే ఉంచు. నా జేబుకు చిల్లు పడింది. దారిలో కాఫీ అంటూ బండి వదిలి దిగకు. అద్దం పగలగొట్టడానికి ఒక్క రాయి చాలు. ఈ పెట్టె దారి వరకే. చేరగానే బీరువాలోకి మార్చాలి.”

బండి బయల్దేరింది. మలుపు దగ్గర, “గేటు వేశావా రూత్?” అన్నాడు.

రూత్ మార్లా తల్లి. పోయి చాలా కాలమైంది.

“వేశాను,” అంది మార్లా, రోడ్డు మీంచి చూపు తిప్పకుండా.

డెల్మర్ వాకిట్లోనే ఎదురయ్యాడు. “ఇంకా బతికే ఉన్నావురా ముసలోడా?”

“నీ కాఫీ తాగితే గానీ ప్రాణం పోదని వచ్చానురా. పోసి పట్రా, ఇక్కడే కూర్చుంటాను.”

ఓర్విల్ వాకిట్లో కుర్చీ లాక్కున్నాడు. తుపాకులు మొయ్యడానికి లేవలేదు. మార్లా, డెల్మర్ వాటిని లోపలికి చేరవేశారు. వెనక గదిలో నిలువెత్తు ఇనప బీరువా తలుపు తెరిచి ఉంది. మార్లా ఒక్కొక్కటీ మళ్ళీ వేలు పెట్టి చూసి అందించింది. 

“కన్నతండ్రిని మోసం చేశాను బాబాయ్. వేట మొదలయ్యాక నా తుపాకులేవే అని అడిగితే ఏం చెప్పను?”

“అడగడులే.”

“నీకేం తెలుసు? మర్చిపోయే మనిషే, వీటిని మాత్రం మర్చిపోడు.”

డెల్మర్ చివరి రైఫిల్‌ను బీరువా లోపలి గోడకు ఆనించాడు. అప్పుడు చూసింది మార్లా. బీరువాలో డెల్మర్ తుపాకీ ఒక్కటీ లేదు. అరలకు కొత్త గుడ్డ అతికించి ఉంది, జిగురు పూర్తిగా ఆరిపోయింది.

“నీవన్నీ ఏవి?”

“పోయిన నెలే మా తమ్ముడింటికి పంపించేశాను.”

“పోయిన నెలా? నేను నీకు ఫోన్ చేసింది నిన్న కదా!”

డెల్మర్ బీరువా తలుపు మూసి, తాళం తిప్పి, కిటికీలోంచి వాకిట్లోకి చూశాడు. అక్కడ ఓర్విల్ ఒళ్ళో చేతులు పెట్టుకుని, కొండల వైపు తిరిగి కూర్చున్నాడు.

“నీకంటే ముందు మీ నాన్నే తన తుపాకులు దాచమని అడిగాడమ్మా.”